నా మీద 18 లక్షల యాక్సిడెంట్ కేసు పడింది. ఆ రోజు నేను ఫోన్ చూసింది రెండు సెకన్లే!



ముందుగా ఒక ప్రశ్న. బండి నడిపేటప్పుడు ఒక్కసారి కూడా ఫోన్ చూడనివాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సరే, మూడు చేతులు లేచాయి. అందులో ఒకాయన నవ్వుతున్నాడు, కాబట్టి రెండే లెక్కేసుకుంటున్నా.

నేనూ చూసేవాణ్ణి. అందుకే ఈరోజు ఇక్కడ నిలబడ్డాను. నేను సెలబ్రిటీని కాదు, లాయర్‌ని అస్సలు కాదు. మాది నల్గొండ దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అప్పట్లో జీతం 32 వేలు. రెండు నెలల ముందే మా కాలనీలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మా ఇంట్లో అదే మొదటి కారు. అమ్మ దానికి నిమ్మకాయలు కట్టింది, గుమ్మడికాయ కొట్టించింది.

2023 జనవరి, భోగి రోజు రాత్రి. మీకు తెలుసు కదా, సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయిపోతుంది. నాకు మాత్రం ఆన్‌కాల్ డ్యూటీ పడింది, ఊరికి వెళ్ళలేదు. హయత్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వైపు వస్తున్నా. రోడ్డు ఖాళీగా ఉంది. స్పీడ్ 50 దగ్గర ఉంటుంది. హోల్డర్‌లో ఉన్న ఫోన్ మోగింది. మేనేజర్ మెసేజ్, కాల్‌లో జాయిన్ అవ్వమని. చదివాను, అంతే. రెండు సెకన్లు.

50 స్పీడ్‌లో రెండు సెకన్లంటే కారు దాదాపు 28 మీటర్లు వెళ్ళిపోతుంది. ఈ లెక్క నేను తర్వాత వేసుకున్నాను. ఆ 28 మీటర్లు నేను రోడ్డు చూడలేదు. తలెత్తేసరికి ఎదురుగా ఒక బైక్ ఉంది, యూటర్న్ తీసుకుంటూ సగం తిరిగింది. బ్రేక్ తొక్కాను. చప్పుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నిజం చెప్తా. ఆ మొదటి క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఆయన బతికాడా అని కాదు. వెనక ఎవరూ లేరు, వెళ్ళిపోవచ్చు అని. గేర్ మీద చెయ్యి కూడా పడింది. ఈలోపు ఆయన "అమ్మా" అన్నాడు. దిగాను. 108కి ఫోన్ చేశాను.

ఆయన టైల్స్ మేస్త్రీ. వయసు 38. పండగ అయ్యాక కిరాయిదారులు దిగుతారని ఇంటి ఓనర్ తొందరపెడితే, ఆ రాత్రి దాకా పని చేసి ఇంటికి వెళ్తున్నాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. హాస్పిటల్‌లో అడ్వాన్స్ కట్టమంటే నేనే 40 వేలు ఫోన్‌పేలో కట్టాను. ఆయన భార్య వచ్చి ఏడుస్తుంటే, అక్కడున్న పెద్దమనుషులెవరో ఒక తెల్లకాగితం తెచ్చారు. "ఖర్చులన్నీ నేనే పెట్టుకుంటాను" అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టేశాను. పోలీసులకి కూడా చెప్పాను. ఇన్సూరెన్స్ వాళ్ళకి మాత్రం చెప్పలేదు. ఫ్రెండ్స్ వద్దన్నారు, అనవసరంగా ఎందుకు గెలుక్కోవడం అని.

క్రిమినల్ కేసు పెట్టారు. అప్పటికి ఇంకా ఐపీసీ ఉంది కాబట్టి 279, 338 సెక్షన్లు. నిర్లక్ష్యంగా నడపడం, తీవ్రంగా గాయపరచడం. కొన్ని నెలలకి కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. రెండు సెక్షన్లకీ కలిపి 2 వేల రూపాయలు ఫైన్ పడింది. కట్టి బయటికొచ్చి టీ తాగాను. అయిపోయింది అనుకున్నాను.

ఆగస్టులో ఆఫీసుకి వెళ్తుంటే పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ పోస్ట్ ఇచ్చాడు. మోటార్ యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ నుంచి సమన్లు. పైన ఎం.వి.ఓ.పి. నంబర్. రెస్పాండెంట్ నంబర్ 1 నేను, నంబర్ 2 ఇన్సూరెన్స్ కంపెనీ. అడిగిన పరిహారం 18 లక్షలు.

మెట్ల మీద కూర్చుండిపోయాను. తిండీ కిరాయీ అన్నీ మానేసి జీతం మొత్తం కట్టినా నాలుగున్నర ఏళ్ళు దాటుతుంది. ఆ తర్వాత భయం పోయి కోపం వచ్చింది. పారిపోలేదు కదా నేను? హాస్పిటల్‌కి పంపింది నేను, 40 వేలు కట్టింది నేను, తప్పు ఒప్పుకున్నది నేను. నా మీదే కేసా? నాన్నకి ఫోన్ చేస్తే "మంచికి పోతే చెడు ఎదురైంది బిడ్డా" అన్నాడు.

ఇక సలహాలు చూడండి. ఒకడు, పోస్ట్ తీసుకోకుండా ఉండాల్సింది అన్నాడు. ఇంకొకడు, కోర్టుకి వెళ్ళకు, ఎక్స్‌పార్టీ అవ్వు, అందరూ అదే చేస్తారు అన్నాడు. ఎక్స్‌పార్టీ అంటే మనం లేకుండానే కేసు నడుస్తుంది, మనం చెప్పాల్సింది ఎవరూ వినరు, తీర్పు మాత్రం మన మీద కూడా వస్తుంది. కళ్ళు మూసుకుంటే కేసు మాయమైపోదు.

మొత్తానికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక లాయర్ గారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. కాగితాలు తిరగేసి మొదటి ప్రశ్న అడిగారు. "ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది?"

నా గుండె ఆగింది. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. ఇన్సూరెన్స్ మార్చుకోలేదు. పాతాయన పేరు మీదే ఉంది. మారుద్దాంలే, మారుద్దాంలే అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను. కొన్న 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పాలసీలో పేరు మార్చుకోవాలంట.

"అయితే 18 లక్షలు నేనే కట్టాలా సార్?" అన్నాను. ఏడుపు గొంతే.

ఆయన చెప్పింది జాగ్రత్తగా వినండి, మీకూ పనికొస్తుంది. మోటార్ వెహికల్స్ యాక్ట్‌లో 157వ సెక్షన్ ఉంది. పాలసీ గడువులో ఉన్న బండి చేతులు మారితే, థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే కొత్త ఓనర్‌కి వచ్చినట్టే లెక్క. అంటే రోడ్డు మీద ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత పోదు. మన కారు డోర్ సొట్ట పడింది, బంపర్ విరిగింది అంటే మాత్రం పేరు మార్చుకోనందుకు ఇబ్బందే. నా కారు రిపేర్ 65 వేలు నా జేబులోంచే పోయింది. దాని గురించి నాకు బాధ లేదు.

తర్వాత ఆ తెల్లకాగితం గురించి చెప్తే తిట్టారు. కంపెనీ అనుమతి లేకుండా ఫలానా డబ్బు నేనిస్తానని మాట ఇవ్వకూడదు, ఆ షరతు పాలసీలోనే రాసి ఉంటుంది అన్నారు. మనిషికి సాయం చెయ్యి, ప్రాణం కాపాడు, కానీ వెంటనే కంపెనీకి ఫోన్ చెయ్యి అన్నారు. చట్టం కూడా అదే చెప్తుంది. గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయాలి. నేను మూడింట్లో రెండు చేశాను.

అప్పుడు నా కోపం బయటపెట్టాను. "క్రిమినల్ కేసులో ఫైన్ కట్టాను కదా సార్, మళ్ళీ ఇదెందుకు?"

ఆయన అడిగారు, "ఆ 2 వేలు ఎవరికి వెళ్ళాయి బాబూ?"

గవర్నమెంట్‌కి. మేస్త్రీకి ఒక్క రూపాయి వెళ్ళలేదు. ఆ ఫైన్ నాకూ ప్రభుత్వానికీ మధ్య లెక్క. ఆయన కాలికి, ఆయన పోగొట్టుకున్న కూలికి లెక్క కట్టే చోటు ఈ ట్రిబ్యునల్ ఒక్కటే. అక్కడికి రావాలంటే బండి నడిపినవాళ్ళని, ఓనర్‌ని పార్టీగా పెట్టాలి. నా పేరు రాయకుండా ఆయన ఇన్సూరెన్స్ డబ్బు అడగడం ఎలా? నేను దాన్ని పగ అనుకున్నాను. అది ఒక దరఖాస్తు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఆ రాత్రి నేను వెళ్ళిపోయి ఉంటే, బండి ఎవరిదో తెలియకపోతే, హిట్ అండ్ రన్ స్కీమ్ కింద తీవ్ర గాయానికి ఇచ్చేది 50 వేలు. అంతే. గేర్ మీద పడిన నా చెయ్యి గుర్తొచ్చింది.

మొదటి వాయిదాకి ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకి వెళ్ళాను. వరండాలో ఆయన కనబడ్డాడు. చేతికర్ర పట్టుకుని, భార్య భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చుంటే లేవడం కష్టమని నిలబడ్డాడంట. నేను తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆయనే పిలిచాడు.

"బాగున్నవా సార్? ఆ దినం నీకేం దెబ్బలు తాకలే గదా?"

నాకేం చెప్పాలో తెలియలేదు. "లేదన్నా" అన్నాను. ఏడు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఆయనకి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కేసులో మనం మన వైపు జవాబు దాఖలు చేయాలి. దాన్ని కౌంటర్ అంటారు. లాయర్ గారి ఆఫీసులో టైప్ చేసి పెట్టారు, సంతకం పెట్టమన్నారు. నేను టెస్టర్‌ని కదా, ఏదైనా చదవకుండా వదిలే అలవాటు లేదు. యాప్‌లలో టర్మ్స్ అండ్ కండిషన్స్ తప్ప! చదివాను. మూడో పేజీలో ఉంది. "పిటిషనరే రాంగ్ సైడ్‌లో, హెల్మెట్ లేకుండా, నిర్లక్ష్యంగా వచ్చి కారుకి తగిలాడు."

సార్, ఇది నిజం కాదు అన్నాను. ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు. యూటర్న్ ఉన్న చోటే తిరిగాడు. నేను ఫోన్ చూశాను.

జూనియర్ ఒకాయన నవ్వాడు. "అన్ని కౌంటర్లలో ఇట్లనే రాస్తాం తమ్ముడూ. కట్టేది కంపెనీయే, నీ జేబులోంచి పోదు. నీకెందుకు?"

నిజమే, నాకెందుకు? అదే ఆలోచిస్తూ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ వాక్యం అలాగే ఉంటే ఏమవుతుందో అడిగాను. ఎదుటివాళ్ళ తప్పు కూడా కొంత ఉందని ట్రిబ్యునల్ నమ్మితే, ఆ మేరకు పరిహారం తగ్గిస్తుంది. ముప్పై శాతం ఆయన తప్పు అంటే, వచ్చే డబ్బులో ముప్పై శాతం కోత. అంటే నా ఒక్క సంతకంతో ఆయన కాలి డబ్బులో మూడో వంతు దగ్గర పోవచ్చు. పైగా ఆయన భార్యాపిల్లలు, తప్పు మా నాన్నదే అని కోర్టు కాగితంలో చదువుకోవాలి.

నా భయం కూడా అడిగాను. ఫోన్ చూశానని రాస్తే కంపెనీ తప్పించుకోదా? అప్పుడు పెద్ద లాయర్ గారు చెప్పారు. "పిచ్చివాడా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నదే నీ తప్పుకి. తప్పు చేసినవాడికి కవర్ లేకపోతే ఇంక కవర్ దేనికి?" కంపెనీ తప్పించుకోవడానికి చట్టంలో ఉన్న కారణాలు కొన్నే. సరైన లైసెన్స్ లేకపోవడం, తాగి నడపడం, సొంత కారుని పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం, పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన విషయం దాచడం, ఇలాంటివి. ఒక్క క్షణం పరధ్యానం ఆ లిస్టులో లేదు. నా క్రిమినల్ కేసు కూడా అప్పటికే ముగిసింది.

ఆ పేరా కొట్టేసి మళ్ళీ టైప్ చేయించారు. నేను చూసింది, చేసింది మాత్రమే రాశారు. డబ్బు ఇస్తానని ఎక్కడా రాయలేదు. సంతకం పెట్టాను.

తర్వాత అంత సులువుగా జరగలేదు. కంపెనీ తరఫు లాయర్‌కి అనుమానం వచ్చింది. కారు ఓనరే తప్పు ఒప్పుకుంటున్నాడంటే ఇద్దరూ కలిసిపోయారని. నన్ను బోనులో నిలబెట్టి అడిగారు. "మీకూ పిటిషనర్‌కీ ముందే పరిచయం ఉంది కదా? ఆయనకి వచ్చే డబ్బులో మీకు వాటా ఉంది కదా?" అబద్ధం చెప్పేటప్పుడు చెమటలు పడతాయంటారు. నాకు నిజం చెప్తుంటే పట్టాయి. యాక్సిడెంట్ అయ్యేదాకా ఆయన ఎవరో నాకు తెలియదని చెప్పాను. మెసేజ్ వచ్చింది, చదివాను, రోడ్డు చూడలేదు అని చెప్పాను. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

2025 మార్చిలో తీర్పు వచ్చింది. లెక్క ఎలా కట్టారో చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరికీ తెలియదు. మేస్త్రీ దగ్గర జీతం స్లిప్పులు ఉండవు కదా, నెలకి 12 వేలు అని తీసుకున్నారు. ఏడాదికి 1 లక్షా 44 వేలు. 40 ఏళ్ళలోపు సొంతంగా పని చేసుకునేవాళ్ళకి, ముందు ముందు ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలుపుతారు. 2 లక్షలా 1,600 అయింది. డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో వైకల్యం 25 శాతం. కానీ కాగితం మీద శాతం ఎంత అన్నది కాదు, ఆ మనిషి పనికి అది ఎంత అడ్డం అన్నది చూడాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. టైల్స్ వేయాలంటే రోజంతా గొంతుక్కూర్చోవాలి. ఆ మోకాలు ఇక మడవదు. అందుకని 40 శాతం సంపాదన పోయినట్టు లెక్కేశారు. ఏడాదికి 80,640. వయసు 38 కాబట్టి దాన్ని 15తో గుణిస్తారు. వయసుని బట్టి ఎంతతో గుణించాలో ఒక పట్టిక ఉంది. మొత్తం 12 లక్షలా 9,600. హాస్పిటల్ బిల్లులు, ఆరు నెలల కూలి, నొప్పికి, మనిషి తోడుకి, రానుపోను ఖర్చులకి ఇంకో 3 లక్షలా 71 వేలు. అంతా కలిపి 15 లక్షలా 80 వేలా 600. దాని మీద కేసు వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ.

ఆయన తప్పు ఏమీ లేదని తీర్పులో రాశారు. ముప్పై శాతం కోత పడి ఉంటే 4 లక్షలా 74 వేలు పోయేవి. మూడో పేజీలో ఒక్క వాక్యం ఖరీదు అది.

డబ్బు కంపెనీయే ట్రిబ్యునల్‌లో కట్టింది. కొంత చేతికిచ్చి, మిగతాది ఆయన పేరు మీద బ్యాంకులో ఎఫ్‌డీ వేయించారు. ఈసారి నేనే ఫోన్ చేశాను.

"పైసలైతే వచ్చినయ్ సార్. కాలు ఎట్లున్నది అట్లనే ఉంది" అన్నాడు. ఇప్పుడు ఆయన టైల్స్ వేయడు. తమ్ముడు వేస్తుంటే పక్కన కుర్చీలో కూర్చుని కొలతలు చెప్తాడు. లోన్ పెట్టి కూతుర్ని డిగ్రీలో చేర్పించాలనుకున్నాడంట, ఇప్పుడు లోన్ అవసరం లేదన్నాడు. నేను సారీ చెప్పాను. "గప్పుడే చెప్పినవు గద, కోర్టుల" అన్నాడు.

నేను హీరోనని చెప్పడానికి రాలేదు. ఆయన కాలు విరగ్గొట్టింది నేనే. వెళ్ళే ముందు మీకు కొన్ని పనులు చెప్తాను, ఈరోజే చేయండి.

మీ బండి ఇన్సూరెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో ఇప్పుడే ఫోన్‌లో చూడండి. పాలసీ లేకుండా నడిపితే చలానా సంగతి పక్కనపెట్టండి, ఇలాంటి 15 లక్షలు మీరే కట్టాలి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఆర్‌సీతో పాటు పాలసీలో పేరు కూడా మార్చుకోండి. అమ్మితే ఆర్‌సీ మారేదాకా వెంటపడండి. రిజిస్ట్రేషన్‌లో పేరు ఎవరిదో చట్టం దృష్టిలో ఓనర్ వాళ్ళేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీ రోజుల్లో అమ్మేసిన బైక్ మీద ఎవడో చేసిన యాక్సిడెంట్‌కి మీకు సమన్లు రావచ్చు. సమన్లు వస్తే దాక్కోకండి, కంపెనీకి ఫోన్ చేయండి, లాయర్‌ని కలవండి. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ చదవండి.

చివరిది. నేను ఇప్పుడు కారెక్కితే ఫోన్ సైలెంట్‌లో పెట్టి గ్లోవ్ బాక్స్‌లో పడేస్తాను. ఆ రోజు మేనేజర్ పిలిచిన కాల్ ఏంటో తెలుసా? తర్వాత కనుక్కున్నాను. నేను రాకముందే సమస్య సాల్వ్ అయిపోయిందంట.

ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి.